పెట్టె ముందు రెక్కలు ముడుచుకుపోయిన ఈగలు - వరోవానేనా? మందు పెట్టాలా, ఆగాలా?

కొత్తపెట్టె:
అందరికీ నమస్తే. నా దగ్గర కొన్ని మెల్లిఫెరా (యూరప్ జాతి తేనెటీగ) పెట్టెలున్నాయి, వాటిల్లో ఒకదాని గుమ్మం ముందు కొన్నాళ్లుగా ఎగరలేని ఈగలు నేల మీద పాకుతూ కనపడుతున్నాయి. రెక్కలు నలిపిన కాగితంలా ముడుచుకుపోయాయి, పొట్ట కూడా మామూలు ఈగకన్నా పొట్టిగా ఉంది. తెరిచి చూస్తే ఈగలు బాగానే ఉన్నాయి, రాణి గుడ్లు పెడుతోంది, తేనె ఛాంబరు సగం దాకా నిండింది, కానీ పిల్ల (గుడ్లు, లార్వాలు, ప్యూపాలు) ఉన్న ఫ్రేముల్లో మూత పడ్డ గదులు అక్కడక్కడా చిల్లులు పడి మధ్యమధ్యలో ఖాళీలు వస్తున్నాయి. ఈగల వీపుల మీద ఎంత వెతికినా ఒకటో రెండో తప్ప మైట్లు (ఈగల్ని పట్టి పీడించే చిన్న పురుగులు) కనపడలేదు. తెలిసిన పెంపకందారు ఒకాయన అది వరోవా మైటే, ఆలోచించకుండా స్ట్రిప్పులు (మందు పట్టీలు) పెట్టెయ్ అంటున్నారు, ఇంకొకాయనేమో కంటికి కనపడనప్పుడు మందెందుకు అంటున్నారు. ఇది వరోవానే అని ఎలా తేల్చుకోవాలి, తేనె ఛాంబరు ఉండగా మందు పెట్టొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పొగడబ్బా:
తమ్ముడూ, రెక్కలు అలా అయ్యాయంటే అది డీడబ్ల్యూవీ, రెక్కల్ని వంకర చేసే వైరస్. ఈ వైరస్ తేనెటీగల్లో కొద్దో గొప్పో ఎప్పుడూ ఉంటుంది గానీ మైటు మూత కింద ప్యూపాని కుట్టి తింటున్నప్పుడు దాన్ని నేరుగా ఒంట్లోకి ఎక్కించేస్తుంది, అప్పుడు ముదురుతుంది. అంటే ముడుచుకున్న రెక్కలు కనపడేసరికి మైట్లు పెరగడం మొదలై చాలా రోజులయిందన్నమాట.

ఇక వీపు మీద కనపడలేదన్న సంగతి. వీపు మీద అందరికీ కనపడేలా కూర్చునేవి చాలా తక్కువ. మైటు వెడల్పు 1.6 మిల్లీమీటర్లు, పొడవు 1.1, పీతలాగా అడ్డంగా వెడల్పు, పైగా చదును. ఈగ పొట్ట అడుగున పలకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి చూడు, ఆ సందులోకి దూరి అతుక్కుంటుంది, పై నుంచి చూస్తే ఏమీ తెలీదు. అక్కడే ఎందుకంటే అది తినేది ఈగ కొవ్వు కణజాలాన్ని, అది పొట్ట అడుగునే ఎక్కువుంటుంది. చాలా ఏళ్లు ఇది రక్తం లాంటి ద్రవం తాగుతుందనే అందరూ అనుకున్నారు, 2019లో శామ్యూల్ రామ్సే బృందం ప్రయోగాలు చేసి అసలు తిండి కొవ్వు కణజాలమేనని చూపించింది. ఆ కణజాలం మనకి కాలేయం చేసే పనులు కూడా చేస్తుంది ఈగకి, రోగనిరోధక శక్తి, ఆయుష్షు అన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి, అందుకే ఒక్క మైటు కుట్టినా ఈగ అంతలా దెబ్బతింటుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, పిల్ల బాగా ఉన్న కాలనీలో సగానికి పైగా మైట్లు మూతల కిందే ఉంటాయి. నీ కంటికి కనపడేది మిగతా సగంలో ఏ కొంచెమో. అందుకని కళ్లతో వెతకడం మానేసి లెక్క తియ్. 300 ఈగల్ని ఆల్కహాల్‌లో కడిగి రాలిన మైట్లు లెక్కపెట్టు, ఆ అంకె వచ్చాక మందు సంగతి మాట్లాడుకుందాం.

కొత్తపెట్టె:
థాంక్స్ అన్నా. 300 ఈగల్ని చంపాలంటే మనసు ఒప్పట్లేదు, పంచదార పొడితో కూడా చేస్తారంట కదా, అది సరిపోదా?

రాణీగది:
కొత్తపెట్టె గారూ, ఆ బాధ అర్థమవుతుంది, కానీ మంచి కాలనీలో వేల ఈగలుంటాయి, రాణి ఒక్క రోజులో వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. 300 కూలి ఈగలు పోతే కాలనీకి తెలియను కూడా తెలియదు. లెక్క తియ్యకుండా వదిలేస్తే పోయేది మొత్తం పెట్టె.

నేను రెండు పద్ధతులూ వాడాను. పంచదార పద్ధతిలో సీసా మూతకి బదులు జల్లెడ వల బిగించి, లోపల అరకప్పు ఈగలు వేసి (అరకప్పు నిండా అంటే సుమారు 300), రెండు చెంచాల మెత్తటి పంచదార పొడి పోసి దొర్లించి రెండు నిమిషాలు నీడలో పెట్టాలి, తర్వాత తలకిందులు చేసి తెల్లటి పళ్లెంలోకి ఒక నిమిషం గట్టిగా ఊపాలి. మైట్ల కాళ్ల పట్టు జారి పొడితో పాటు రాలిపోతాయి, ఈగలు బతికే ఉంటాయి, మళ్లీ పెట్టెలో వదిలెయ్యొచ్చు. కాకపోతే గాలిలో తేమ ఎక్కువున్న రోజు పొడి ముద్దయిపోతుంది, ఊపడంలో బలం తగ్గితే సగమే రాలతాయి, లెక్క తక్కువొస్తుంది. ఆల్కహాల్‌లో ఆ తేడా చాలా తక్కువ. మైట్లు తక్కువే ఉన్నాయని చెప్పే అంకెని నమ్మి వదిలెయ్యబోతున్నాం అనుకోండి, ఆ అంకె ఆల్కహాల్‌దే అయ్యుండాలని నా పట్టుదల.

ఏది చేసినా ఈగల్ని మూత పడని పిల్ల ఉన్న ఫ్రేము మీద నుంచే తీసుకోండి, పిల్లల్ని సాకే ఈగల మీదే మైట్లు ఎక్కువ ఎక్కుతాయి. అంతకన్నా ముందు ఆ ఫ్రేము మీద రాణి లేదని రెండు వైపులా చూసుకోండి. రాణి కనపడితే ఆ ఫ్రేముని పక్కన ఒక ఖాళీ పెట్టెలో భద్రంగా పెట్టి వేరే ఫ్రేము తీసుకోండి.

మైనంముద్ద:
నేను కాస్త వేరేగా ఆలోచిస్తాను, ఎవరూ ఏమనుకోవద్దు. మందులు వేసినన్నాళ్లూ బలహీనమైన ఈగల్ని మనమే బతికిస్తున్నాం, మందుని తట్టుకునే మైట్లని కూడా మనమే తయారు చేస్తున్నాం. ప్రకృతికి వదిలేస్తే తట్టుకునే కాలనీలే మిగులుతాయి, వాటి నుంచి రాణుల్ని తీసుకుంటే సరిపోతుంది. సెరానాకి (మన ఆసియా తేనెటీగకి) ఎవరు మందు వేశారు, అది లక్షల ఏళ్లుగా ఈ మైటుతోనే బతుకుతోంది కదా. చిన్న గదుల ఫౌండేషన్ షీట్ (ఈగలు పట్టు కట్టడానికి గదుల అచ్చు వేసిన మైనపు రేకు) వాడితే మైటుకి చోటు చాలదని, పంచదార పొడి వారం వారం చల్లితే రాలిపోతాయని కూడా చదివాను. కొత్తపెట్టె గారు ఒక పెట్టెలో అలా చేసి చూడొచ్చు కదా.

లెక్కలచిట్టా:
మైనంముద్ద గారూ, తట్టుకునే ఈగలు కావాలన్న మీ కోరిక నాకూ ఉంది, దాని గురించి కింద రాస్తాను. చిన్న గదుల విషయంలో మాత్రం ఒకటికి మించి దేశాల్లో పక్కపక్కన పెట్టెలు పెట్టి పోల్చి చూశారు, మైట్లు తగ్గలేదు. పంచదార చల్లడం కూడా అంతే, ఈగల మీద ఉన్నవాటిలో కొన్ని రాలతాయి, మూత కింద ఉన్నవి మర్నాడే బయటికొచ్చి ఆ ఖాళీ నింపేస్తాయి. లెక్క తియ్యడానికి పంచదార మంచి పనిముట్టు, మందుగా పనికిరాదు.

ప్రకృతికి వదిలెయ్యడంలో ఇంకో చిక్కుంది. మైట్లతో కూలిపోతున్న కాలనీ ఒంటరిగా చావదు. బలం తగ్గగానే పక్క పెట్టెల ఈగలు తేనె దోచుకోవడానికి ఎగబడతాయి, తేనెతో పాటు మైట్లనీ వీపున వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాయి, ఆ కూలే పెట్టెలోని ఈగలు దారితప్పి వేరే పెట్టెల్లోకి కూడా పోతాయి. అంటే మనం ఒక్క పెట్టెని వదిలేశాం అనుకుంటే దాని ఫలితం చుట్టుపక్కల పెంపకందారులందరి మీదా పడుతుంది. వదిలెయ్యాలనుకునేవాళ్లు కూడా నెలనెలా లెక్క తియ్యాలి, హద్దు దాటిన కాలనీకి మందు వేసి ఆ రాణిని మార్చెయ్యాలి. రాణి వంశం ఆగిపోతుంది, ఈగలు బతుకుతాయి, పొరుగువాళ్లకి నష్టం ఉండదు, మీరు కోరుకున్న ఎంపికా జరుగుతుంది.

అడవితేనె:
సెరానా మాటొచ్చింది కాబట్టి నేనూ రాస్తున్నా, నేను పెంచేది అదే. ఈ మైటుకి అసలు ఆతిథేయి, అంటే అది మొదట్నుంచీ బతికే ఈగ, సెరానానే. 1904లో జావాలో సెరానా మీద దొరికిన మైటుకి వరోవా జాకబ్సోని అని పేరు పెట్టారు, మెల్లిఫెరాని పీడించేది కూడా అదేనని చాలా ఏళ్లు అనుకున్నారు, 2000లో ఆండర్సన్, ట్రూమన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అది వేరే జాతి అని తేల్చి వరోవా డిస్ట్రక్టర్ అన్నారు.

సెరానాలో ఇది దాదాపుగా పోతుటీగల (మగ ఈగల) గదుల్లోనే పిల్లల్ని పెడుతుంది. కూలి ఈగ గదిలోకి దూరితే ఆ పిల్ల తొందరగా చచ్చిపోతుంది, ఈగలు వాసన పట్టి లాగి పారేస్తాయి, మైటుతో సహా. పోతుటీగ పిల్ల బాగా బలహీనమైతే మూత తీసుకుని బయటికి రాలేదు, అందులోనే మైట్లు కూడా సమాధి. పోతుటీగలు పుట్టేది ఏడాదిలో కొన్నాళ్లే కాబట్టి మైటుకి పెరిగే అవకాశం అంతే. మెల్లిఫెరాకి ఈ అలవాట్లు వచ్చేంత కాలం గడవలేదు, మైటు దాని మీదికి దూకింది గత శతాబ్దంలోనే. కాబట్టి సెరానాని చూపించి మెల్లిఫెరాని వదిలెయ్యమనడం సరికాదు అని నా అభిప్రాయం, సెరానా పెంచేవాడిగానే చెప్తున్నా.

కొత్తపెట్టె:
లెక్క తీశాను. రాణీగది గారు చెప్పినట్టు మూత పడని పిల్ల ఉన్న ఫ్రేము నుంచి అరకప్పు తీసుకుని ఆల్కహాల్‌తోనే చేశాను. రెక్కలు ముడుచుకున్న ఈగలున్న పెట్టెలో 17 మైట్లు వచ్చాయి. పక్క పెట్టెలో 4. బయటికి చూస్తే రెండు పెట్టెలూ ఒకేలా ఉన్నాయి, పక్కదానికన్నా ఇదే ఎక్కువ తేనె పెడుతోంది కూడా.

లెక్కలచిట్టా:
17 అంటే వందకి 5.7, 4 అంటే వందకి 1.3. చాలామంది వందకి 3 దాటితే ఆలస్యం చెయ్యొద్దంటారు, పూత తగ్గే కాలమో చలికాలమో ముందుంటే 2 దగ్గరే మేలుకోమంటారు. మొదటి పెట్టె హద్దు దాటేసింది. రెండోది ఇప్పుడు బాగుంది, కానీ పిల్ల ఉన్నంతకాలం మైట్లు సుమారుగా నెలకి రెట్టింపవుతాయి, కాబట్టి నెల లోపు దాన్ని మళ్లీ కడగాలి.

ఎక్కువ తేనె పెడుతోంది కాబట్టి ఆరోగ్యంగా ఉంది అనుకోవద్దు. బలమైన కాలనీలో పిల్ల ఎక్కువ, పిల్ల ఎక్కువుంటే మైట్లకి గదులెక్కువ. తర్వాత రాణి గుడ్లు తగ్గించగానే ఈగలు తగ్గుతాయి, మైట్లు మాత్రం తగ్గవు, అన్ని మైట్లూ మిగిలిన కాసిని ఈగల మీద, కాసిని గదుల మీద పడతాయి. నిన్నటిదాకా నిండుగా ఉన్న పెట్టె ఉన్నట్టుండి ఖాళీ అయిపోయిందని జనం చెప్పేది ఎక్కువగా ఇలాంటి పెట్టెల గురించే.

పుప్పొడిబుట్ట:
బ్రదర్ ఇంత ఆలోచన దేనికి, పొలాల మీద కొట్టే అమిత్రాజ్ మందు డబ్బా తెచ్చి అట్టముక్కలు అందులో ముంచి ఆరబెట్టి ఫ్రేముల మధ్య వేలాడదీస్తే సరి, స్ట్రిప్పుల్లో ఉండేదీ అదే మందు. మా వైపు చాలామంది చేస్తారు

పొగడబ్బా:
పుప్పొడిబుట్ట గారూ, దయచేసి కొత్తవాళ్లకి ఈ సలహా ఇవ్వొద్దు. మందు పేరు ఒకటే అయినంత మాత్రాన వస్తువు ఒకటే కాదు. స్ట్రిప్పులో ఉన్నది ప్లాస్టిక్‌లోంచి ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు కొద్దికొద్దిగా, ఇంత మోతాదు అని లెక్కకట్టి బయటికొచ్చేలా తయారైంది. పొలం మందులో అమిత్రాజ్‌తో పాటు ద్రావకాలు, ఇంకా ఏవేవో కలుస్తాయి, అవి తేనెటీగల కోసం చేసినవి కావు. అట్టముక్క మొదటి రోజు ఎంత వదులుతుందో పదో రోజు ఎంత వదులుతుందో ఎవరికీ తెలీదు. ముందు ఎక్కువై ఈగలకీ రాణికీ దెబ్బ, తర్వాత తక్కువై మైట్లకి అలవాటు.

ఆ అలవాటు పడటం ఎలా ఉంటుందో అందరం చూశాం. ఫ్లువాలినేట్ స్ట్రిప్పులు వచ్చిన కొత్తల్లో మైట్లు కుప్పలుగా రాలేవి, 1990ల్లోనే చాలా దేశాల్లో పనిచెయ్యడం మానేశాయి, వాటి తర్వాత కౌమఫాస్ కూడా అంతే. ఇప్పుడు అమిత్రాజ్‌ని తట్టుకునే మైట్లు కూడా కొన్నిచోట్ల దొరికాయి. ఫ్లువాలినేట్, కౌమఫాస్ మైనంలో కలిసిపోయి ఏళ్ల తరబడి ఉండిపోతాయి, ఆ మైనంతోనే మళ్లీ ఫౌండేషన్ షీట్లు చేస్తాం, అదే షీటు మీద కొత్త పిల్ల పెరుగుతుంది. తేనెలోకి ఏం పోతుందో అన్నది ఇంకో భయం. జనం మన తేనె పిల్లలకి పెడతారు, ఆ నమ్మకం నిలబెట్టుకోవాలి.

రాణీగది:
కొత్తపెట్టె గారూ, మందు ఎంచుకునే ముందు మూడు విషయాలు చెప్పండి. ఇప్పుడు మీ దగ్గర పగటి ఎండ ఎన్ని డిగ్రీలుంది, తేనె ఛాంబరు తియ్యగలరా, పెట్టెలో మూత పడ్డ పిల్ల ఎంతుంది.

కొత్తపెట్టె:
పగలు 35, 36 డిగ్రీల దాకా పోతోంది మేడం. తేనె ఛాంబరు ఇంకో వారంలో తీసెయ్యగలను, పూత అయిపోవచ్చింది. పిల్ల ఆరు ఫ్రేముల్లో ఉంది, మూత పడ్డదే ఎక్కువ.

రాణీగది:
అయితే ఫార్మిక్ యాసిడ్ వద్దు. మూత లోపలికి కూడా దూరి మైట్లని చంపే మందు దాదాపు అదొక్కటే, నాకు చాలా ఇష్టం, కానీ పగటి వేడి 29, 30 డిగ్రీలు దాటితే ఆవిరి ఒక్కసారిగా ఎక్కువైపోయి పిల్లా పోతుంది, రాణీ పోవచ్చు. మరీ చలిలో, 10 డిగ్రీల లోపు, సరిగ్గా ఆవిరే అవ్వదు. థైమాల్ 15 డిగ్రీలు దాటాక పనిచేస్తుంది, వారాలు పడుతుంది, ఎండ ముదిరితే ఈగలు ఘాటుకి పెట్టె బయట గుంపు కడతాయి, తేనె ఛాంబరు ఉంటే తేనెకి ఆ వాసన పట్టేస్తుంది. అమిత్రాజ్ స్ట్రిప్పులు మీ దేశంలో అనుమతి ఉండి, అసలు కంపెనీవి దొరికితే పనికొస్తాయి, తేనె ఛాంబరు తీశాకే పెట్టాలి, గడువు అవ్వగానే తీసెయ్యాలి, పెట్టెలో వదిలేస్తే మైట్లకి అలవాటు చేసినట్టే.

మిగిలింది ఆక్సాలిక్ యాసిడ్. ఈగల మీదున్న మైట్లని నూటికి తొంభై పైనే చంపుతుంది, మైనంలో పేరుకోదు, దాన్ని తట్టుకునే మైట్లు ఇంతవరకూ సమస్య కాలేదు. ఒక్కటే లోటు, మూత లోపలికి పోదు. ఆరు ఫ్రేముల పిల్ల మీద ఒకసారి పోస్తే సగం మైట్లు కూడా చావవు, రెండు వారాల్లో మళ్లీ మొదటికొస్తారు. దానికి మార్గం మూత పడ్డ పిల్లే లేకుండా చేసుకోవడం. రాణిని పంజరంలో పెట్టడం గురించి లెక్కలచిట్టా గారు నాకన్నా బాగా చెప్తారు.

లెక్కలచిట్టా:
సరే, కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మైటు మూత కింద ఏం చేస్తుందో చూడాలి, అప్పుడే ఈ రోజుల లెక్క బుర్రకెక్కుతుంది. మూత పడటానికి కాస్త ముందు, కూలి ఈగ గదిలోకైతే సుమారు 20 గంటల ముందు, పోతుటీగ గదిలోకైతే రెండు రోజుల ముందు నుంచీ, తల్లి మైటు లోపలికి దూరి పిల్లకి పోసిన ఆహారంలో అడుగున మునిగి దాక్కుంటుంది. మూత పడ్డాక మూడో రోజు దగ్గర మొదటి గుడ్డు పెడుతుంది, అది మగది. తర్వాత 30 గంటలకొకటి చొప్పున ఆడ గుడ్లు. అన్న చెల్లెళ్లే లోపల జతకడతాయి. ఈగ గది తెరుచుకుని బయటికొచ్చేసరికి తల్లీ, ఎదిగిన కూతుళ్లూ దాంతోపాటే బయటపడతాయి, మగదీ, ఎదగని పిల్లలూ లోపలే చస్తాయి. కూలి ఈగ మూత కింద ఉండేది 12 రోజులు, ఆ కాలంలో ఒక కూతురో మహా అయితే రెండో ఎదుగుతాయి. పోతుటీగ 14, 15 రోజులుంటుంది కాబట్టి రెండు మూడు ఎదుగుతాయి. పోతుటీగ గదులంటే మైటుకి అంత మోజు అందుకే.

ఒకసారి స్వయంగా చూడండి. ప్యూపా కళ్లు ఊదారంగుకి తిరిగిన పోతుటీగ గది ఒకటి ఎంచుకుని, సన్నటి చిమటాతో మూత లేపి ప్యూపాని నెమ్మదిగా బయటికి లాగండి. ఎర్రటి గోధుమరంగు తల్లి పరిగెడుతుంది, దాని పక్కన పాలలా తెల్లగా, లేత పసుపుగా ఉన్న పిల్లలు మెల్లగా కదులుతుంటాయి. ఖాళీ గదిని వెలుతురుకి పెట్టి వంచి చూస్తే లోపలి గోడ మీద సున్నం చుక్కలు అంటినట్టు తెల్లటి మరక ఉంటుంది, అది మైట్ల రెట్ట. కుటుంబం మొత్తం ఒకే చోట విసర్జిస్తుంది. చచ్చిపోయిన కాలనీ పట్టులో కూడా ఆ తెల్ల మరకలు మిగిలే ఉంటాయి, కాలనీ దేనికి పోయిందో వాటిని చూసి చెప్పొచ్చు.

ఇక పని. తేనె ఛాంబరు తీసెయ్యండి. రాణిని, కూలి ఈగలు దూరి వెళ్లగలిగి రాణి బయటికి రాలేని పంజరంలో పెట్టి పిల్ల ఛాంబరు మధ్య ఫ్రేములో బిగించండి. గుడ్డు నుంచి కూలి ఈగ బయటికి రావడానికి 21 రోజులు, పోతుటీగకి 24. కాబట్టి 24వ రోజుకి పెట్టెలో మూత పడ్డ పిల్ల ఒక్కటి కూడా ఉండదు, అన్ని మైట్లూ ఈగల ఒంటి మీదే. అప్పుడు ఆక్సాలిక్ ద్రావణం పొయ్యండి. తర్వాత రాణిని వదిలెయ్యండి, ఆమె ఆరోజే గుడ్డు పెట్టినా దానికి మూత పడేసరికి ఎనిమిది తొమ్మిది రోజులు.

రాణిని పెట్టిన వారానికి ఒకసారి తెరిచి ఫ్రేములన్నీ చూడాలి. ఒక్కోసారి ఈగలు రాణి లేదనుకుని పాత లార్వాల మీద కొత్త రాణి గదులు కట్టేస్తాయి, ఒక్కటి మిగిలినా మీ రాణి పని అయిపోయినట్టే. కనపడ్డవన్నీ నలిపెయ్యండి.

పొగడబ్బా:
ద్రావణం సంగతి నేను రాస్తా. పంచదార, నీళ్లు సమానంగా కలిపిన పాకం లీటరుకి 35 గ్రాముల ఆక్సాలిక్ యాసిడ్ డైహైడ్రేట్. సిరంజితో ఈగలున్న ఒక్కో ఫ్రేముల సందులో 5 మిల్లీలీటర్లు, ఈగల మీద పడేలా, పెద్ద కాలనీ అయినా మొత్తం 50 మిల్లీలీటర్లు దాటకూడదు. ఒక్కసారే. బాగా పనిచేసింది కదా అని వారానికోసారి పోస్తే ఈగల కడుపులు దెబ్బతింటాయి. చేతులకి రబ్బరు గ్లోవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి, కలిపేటప్పుడు పొడి పీల్చొద్దు. వేడి చేసి పొగలా పట్టించే పద్ధతి చేసేవాళ్లు యాసిడ్ ఆవిరికి పనికొచ్చే మాస్కు పెట్టుకోవాల్సిందే, గుడ్డ మాస్కు చాలదు, ఊపిరితిత్తులు కాలిపోతాయి. తేనె ఛాంబరు ఉండగా ఆక్సాలిక్ వాడటం మీద రూలు దేశాన్ని బట్టి మారుతుంది, అమెరికాలో 2021 నుంచి ఒప్పుకున్నారు, మీ దగ్గర లేబుల్ ఏం చెప్తే అదే చెయ్యాలి. తీసెయ్యగలిగినప్పుడు తీసెయ్యడమే నయం.

అడవితేనె:
ఒక మాట అడ్డం వస్తున్నా. కొత్తపెట్టె గారూ, ఆ చిల్లులు పడ్డ మూతల గురించి మొదట్లో రాశారు కదా, ఫ్రేము మీద సన్నగా పొడుగ్గా ఉన్న ఎర్రటి పురుగులు గబగబా పరిగెత్తడం ఏమైనా చూశారా? ట్రోపిలీలాప్స్ అని ఇంకో మైటుంది, దాని అసలు ఆతిథేయి కొండ తేనెటీగ. వరోవాకన్నా చిన్నది, ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, అడ్డంగా కాకుండా నిలువుగా పొడుగ్గా ఉంటుంది. పెద్ద ఈగల మీద ఎక్కువసేపు ఉండదు కాబట్టి ఆల్కహాల్ కడుగుడులో సరిగ్గా దొరకదు. మూత పడ్డ పిల్ల ఉన్న ఫ్రేముని తెల్లటి ట్రే అంచుకి గట్టిగా రెండు మూడుసార్లు కొడితే కింద పడి పరిగెడుతూ కనపడతాయి. రెండూ కలిసి ఉన్న పెట్టెలు కూడా ఉంటాయి.

కొత్తపెట్టె:
కొట్టి చూశాను అడవితేనె గారూ, ట్రేలో పడ్డవి వెడల్పుగా గుండ్రంగా ఉన్నవే, పొడుగువి కనపడలేదు. లెక్కలచిట్టా గారు చెప్పినట్టు పోతుటీగ గది కూడా తెరిచాను, తల్లి, నాలుగు తెల్ల పిల్లలు. గోడ మీద ఆ తెల్ల మరక కూడా ఉంది. ఒకే గదిలో ఇద్దరు తల్లులు కూడా కనపడ్డాయి ఒకచోట. చూశాక నిద్ర పట్టలేదు. పంజరం తెప్పిస్తున్నా.

అడవితేనె:
మంచిది. ఉన్నా కూడా ఇదే వైద్యం పనికొచ్చేది, ట్రోపిలీలాప్స్ నోరు పెద్ద ఈగ చర్మాన్ని సరిగ్గా కుట్టలేదు, పిల్ల లేకపోతే కొద్దిరోజుల్లోనే చచ్చిపోతుంది.

మైనంముద్ద:
పంజరం పద్ధతి నాకూ నచ్చింది, ఘాటు మందు లేకుండా చెయ్యగలిగేది. పోతుటీగ ఫ్రేము కోసెయ్యడం గురించి ఎవరూ చెప్పలేదు, నేను అది చేస్తాను. పెద్ద గదుల ఫౌండేషన్ ఉన్న ఫ్రేము ఒకటి పిల్ల ఛాంబరులో పెడితే రాణి దాన్నిండా పోతుటీగ గుడ్లు పెడుతుంది, మైట్లు అటే ఎగబడతాయి, మూతలు పడ్డాక ఫ్రేము తీసి పట్టు కోసి పారెయ్యడమే.

లెక్కలచిట్టా:
అవునండీ, నేనూ చేస్తాను. తేనె వచ్చే కాలంలో, మందు ఏదీ పెట్టలేనప్పుడు మైట్ల పెరుగుదలని బాగా నెమ్మదింపజేస్తుంది. కాకపోతే తేదీ ఫ్రేము మీదే రాసుకోవాలి. 24 రోజులు దాటి పోతుటీగలు బయటికొచ్చేశాయంటే పెట్టెలోకల్లా ఎక్కువ మైట్లని పెంచి వదిలినట్టే. క్రమం తప్పకుండా తెరిచి చూడలేనివాళ్లు దీని జోలికి పోకపోవడం మంచిది.

కొత్తపెట్టె:
అప్‌డేట్ ఇస్తున్నా. రాణిని పంజరంలో పెట్టాను, వారానికి చూస్తే రెండు రాణి గదులు కట్టాయి, నలిపేశాను. 24వ రోజున పిల్ల అంతా ఖాళీ, పొగడబ్బా అన్న చెప్పిన మోతాదులో ద్రావణం పోసి అడుగున నూనె రాసిన తెల్ల షీటు పెట్టాను. మర్నాడు తీస్తే షీటు మీద ఎర్రటి చుక్కలు లెక్కపెట్టలేనన్ని. మూడో రోజు కూడా బాగా రాలాయి, తర్వాత తగ్గిపోయాయి. రాణి మళ్లీ గుడ్లు పెడుతోంది, గుమ్మం ముందు పాకే ఈగలు ఇంకా ఒకటి రెండు కనపడుతున్నాయి. పని అయిపోయినట్టేనా?

రాణీగది:
చాలా బాగా చేశారండీ. పాకే ఈగలు కొన్నాళ్లు కనపడతాయి, మైట్లు పోయినా వైరస్ వెంటనే పోదు, ముందు దెబ్బతిన్న ఈగలు పోయి కొత్త తరం రావాలి. ఈ మూడు వారాలు రాణి గుడ్లు పెట్టలేదు కాబట్టి కాలనీ కాస్త పల్చబడుతుంది, పూత లేకపోతే పాకం ఇవ్వండి, గుమ్మం చిన్నది చెయ్యండి, లేకపోతే పక్క పెట్టెలు దోచుకుంటాయి.

షీటు మీద ఎన్ని రాలాయన్నది సంతోషానికే, ఇంకా ఎన్ని మిగిలాయన్నది అది చెప్పదు. రెండు మూడు వారాలాగి ఆల్కహాల్‌తో మళ్లీ కడగండి. వందకి 1 లోపు ఉంటే నిశ్చింత. అప్పటికీ 3 దగ్గర ఉంటే పక్కనుంచి వస్తున్నట్టు, చుట్టుపక్కల పెట్టెలున్నవాళ్లతో మాట్లాడి అందరూ ఒకేసారి వైద్యం చెయ్యాలి.

లెక్కలచిట్టా:
పక్కనుంచి రావడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆస్ట్రేలియా వరోవా లేని పెద్ద దేశంగా చాలాకాలం మిగిలింది, 2022 జూన్‌లో న్యూకాజిల్ ఓడరేవు దగ్గర నిఘా పెట్టెల్లో కనపడింది, వేల కాలనీలని చంపి ఆపాలని చూశారు, 2023 సెప్టెంబరులో ఇక నిర్మూలించలేం, దీనితో బతకడమే అని ప్రకటించారు. ప్రభుత్వమే పూనుకున్నా ఆగలేదంటే ఒక్క పెంపకందారు ఒంటరిగా ఆపలేడు.

తట్టుకునే ఈగల గురించి రాస్తానన్నాను కదా మైనంముద్ద గారూ. కొన్ని కాలనీల ఈగలు మైటు ఉన్న గదిని మూత పైనుంచే పసిగట్టి తెరిచి పిల్లని లాగేస్తాయి, వీఎస్‌హెచ్ అంటారు ఆ గుణాన్ని, అది తరాల్లో దిగుతుంది. మీ పెట్టెలన్నిటికీ నెలనెలా కడిగిన లెక్కలు రాసిపెట్టుకుంటే, ఒకే చోట, ఒకే కాలంలో, మందు లేకుండా ఏ పెట్టె అంకె పెరగకుండా నిలబడుతోందో ఏడాదిలో తెలిసిపోతుంది. రాణుల్ని ఆ పెట్టె నుంచి తీసుకోండి. కాకపోతే చుట్టూ ఉన్న పోతుటీగలు వేరేవాళ్లవి కాబట్టి గుణం తరానికోసారి పలచబడుతుంది, ఒక్కసారి రాణి మారిస్తే అయిపోదు, ఆపకుండా ఎంచుకుంటూ పోవాలి.

మైనంముద్ద:
లెక్కలు రాసే అలవాటు నాకు లేదు, ఈ నెల నుంచి అన్ని పెట్టెలూ కడుగుతాను. చిన్న గదుల షీట్లు కొత్తగా కొననులెండి.

కొత్తపెట్టె:
రెండో పెట్టె ఈరోజు మళ్లీ కడిగాను, 4 కాస్తా 7 అయింది, వందకి 2.3. పూత అయిపోయింది, తేనె తీసేశాను. దీనికి కూడా రాణిని బంధించాలా, లేక ఇంకేదైనా చెయ్యొచ్చా? పగలు ఇప్పుడు 31కి దిగింది.

రాణీగది:
ఇప్పుడే చేసెయ్యండి, 3 దాకా ఆగొద్దు, పూత లేని కాలం దాటాల్సిన ఈగలు ఇప్పుడు పుట్టేవే, అవి కొవ్వు నిండుగా ఉండాలి. ఎండ 29 లోపుకి దిగి నాలుగు రోజులు నిలబడుతుందనుకుంటే ఫార్మిక్ పెట్టొచ్చు, పిల్ల ఆపక్కర్లేదు, కాలనీ పల్చబడదు. నమ్మకం లేకపోతే మళ్లీ పంజరమే. మొదటి పెట్టెకి వాడిన పంజరాన్ని వేడినీళ్లలో కడిగి వాడండి.

పొగడబ్బా:
వాతావరణం చూసి చెప్పు తమ్ముడూ, ఫార్మిక్ అయితే మొదటి మూడు రోజుల ఎండే ముఖ్యం. గుమ్మం పూర్తిగా తెరిచి ఉంచాలి, ఆవిరి బయటికి పోవడానికి దారుండాలి. పెట్టే ముందు రాణి ఎక్కడుందో చూసి పెట్టుకో, పది రోజుల తర్వాత గుడ్లు ఉన్నాయో లేదో చూసి ఇక్కడ రాయి.